గట్టిగా చదవని పిల్ల

అల్లూరు దాటి సముద్రం వైపు పోతే, రొయ్యల గుంటల మధ్యలో ఉంటుంది మా బడి. మూడు దిక్కులా గుంటలే. రొయ్యలకు గాలి అందడానికి నీళ్ళలో చక్రాల ఫ్యాన్లు పొద్దస్తమానం తిరుగుతూనే ఉంటాయి. కొత్తలో ఆ చప్పుడుకి తలనొప్పి వచ్చేది. తర్వాత అలవాటైంది కానీ నా గొంతు మాత్రం పెద్దదైపోయింది. ఇంట్లో కూడా అరుస్తున్నానని మా ఆయన దెప్పుతుంటాడు.

ఒకటి, రెండు తరగతులు నావే. పట్టపుపాలెం జాలర్ల పిల్లలు ఇంట్లో అరవం మాట్లాడతారు. టైలరు గారి కూతురిది ఉర్దూ. గుంటల మీద పనికి ఒడిశా నుంచి వచ్చినవాళ్ళ పిల్లలది ఒడియా. చేప బొమ్మ చూపిస్తే మీను, మచ్లీ, మాఛొ అని తలా ఒకటి అరుస్తారు. అన్నీ ఒప్పుకుని, ఆ తర్వాతే బోర్డు మీద 'చేప' అని రాస్తాను. ఆ పద్ధతి అందరి దగ్గరా బాగానే పనిచేసింది, ఒక్క ఒడిశా పిల్ల దగ్గర తప్ప.

ఏడేళ్ళుంటాయేమో దానికి. వేలు సరిగ్గా అక్షరం కిందే కదిలేది, పెదవులూ కదిలేవి, గొంతు మాత్రం బయటికొచ్చేది కాదు. చదువుతోందో నటిస్తోందో నాకు అంతుపట్టేది కాదు. ఆ వారంలోనే వాళ్ళ గుంటలో రొయ్యలు పట్టేస్తున్నారు. పట్టగానే వాళ్ళ నాన్న ఇంకో చోటికి పనికి పోతాడు. అక్కడ బడి ఉంటుందో లేదో దేవుడికే తెలియాలి. దానికి చదవడం వచ్చిందని నా చెవులారా విని పంపాలని నా పట్టుదల.

"నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయా ఏందే? గట్టిగా చదువు!" అని కసిరాను.

పక్కన కూర్చునే టైలరు గారి కూతురు లేచింది. "దాన్ని తిట్టబాకండి టీచర్. గట్టిగా చదివితే వాడు గూడా అంటాడంట."

"వాడెవడే?"

"దాని తమ్ముడు టీచర్. పోయినేడు గుంటలో పడి చచ్చిపొయినాడు గదా."

మిగతాదీ అదే చెప్పింది. సాయంత్రాలు గట్టు మీద తమ్ముణ్ణి కూర్చోబెట్టి ఆ పిల్ల టీచరాట ఆడేదట. అచ్చం మా బడిలో లాగే. ఒకరు ఒక వాక్యం చదవాలి, మిగతావాళ్ళు తిరిగి అనాలి, వాళ్ళు అనేదాకా తర్వాతి వాక్యానికి పోకూడదు. వాడు పోయాక కూడా, తను గట్టిగా చదివితే నీళ్ళలోంచి వాడు తిరిగి అంటున్నాడట.

కోపమొచ్చింది నాకు, ఎవరి మీదో తెలియదు. "పిచ్చిమొహమా, అది ఫ్యాన్ల చప్పుడే! రోజంతా వింటుంటే ఎవరికైనా అట్లాగే అనిపిస్తుంది" అన్నాను. ఒడిశా పిల్ల మళ్ళీ పుస్తకం మీదికి వంగి వేలు కదిలించింది.

మర్నాడు మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. రొయ్యలు చచ్చిపోతాయని గట్ల మీద మనుషులు జనరేటర్ల వైపు పరుగెత్తుతున్నారు. గదిలో మాత్రం పిల్లలంతా బిక్కమొహాలు వేసుకుని కూర్చున్నారు. అంత నిశ్శబ్దం ఆ బడిలో నేనెప్పుడూ ఎరగను. ఒడిశా పిల్ల భయం పోగొట్టడానికి ఇంతకన్నా మంచి సమయం దొరకదనుకున్నాను.

"ఇప్పుడు ఫ్యాన్లు తిరగడం లేదు కదమ్మా. ఏ గొంతూ రాదు. చదువు తల్లీ, నేను పక్కనే ఉన్నా."

నా చెయ్యి పట్టుకుని లేచింది. "వాన వచ్చింది" అని చదివింది. గట్టిగా, తడబడకుండా. హమ్మయ్య, వచ్చేసింది అనుకున్నాను. సంతోషంతో ఏడుపొచ్చినంత పనైంది. దాని గొంతు మొదటిసారి విన్న పిల్లలు నోళ్ళు తెరుచుకుని ఉండిపోయారు. తిరిగి అనడం ఒక్కరికీ గుర్తు రాలేదు.

ఆ పిల్ల కిటికీలోంచి గుంట వైపు చూస్తూ ఆగింది. చిన్న పిల్లాడు ఆ రెండు మాటలూ కూడబలుక్కుని అనడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగింది. నాకేమీ వినపడలేదు, ఒట్టు. కానీ నా వేళ్ళను పట్టుకున్న దాని చెయ్యి మంచులా చల్లబడింది. తర్వాత, సరిగ్గా చెప్పావన్నట్టు కిటికీ వైపు తల ఊపి, రెండో వాక్యానికి వేలు జరిపింది.