కుంగని గోరీ

భోజనం వదిలిపెట్టి వచ్చే మనిషిని కాను నేను. ముప్పై ఏళ్ళకు పైగా బడిపంతులుగా చేసి, మధ్యాహ్నం గంట కొట్టకముందే ఆకలయ్యే అలవాటు చేసుకున్నవాణ్ణి. పెళ్ళిళ్ళలో రెండో పంక్తిదాకా ఆగడం కూడా నా వల్ల కాదని మా ఇంటావిడ నలుగురిలో ఎగతాళి చేస్తుంది. అలాంటి నేను మొన్న ఆదివారం ఒక గృహప్రవేశానికి పోయి, పళ్ళెంలో వడ్డించిన అన్నం వడ్డించినట్టే ఉంచి, తలనొప్పి అని అబద్ధమాడి, ఆటో ఎక్కి ఇంటికి వచ్చేశాను. ఇంటావిడ ఏమైందని రెండుసార్లు అడిగింది, చెప్పలేకపోయాను. కాగితం మీద పెడితేనన్నా బరువు దిగుతుందేమోనని, నా ఈడువాళ్ళు చదివితే అర్థం చేసుకుంటారని ఇది రాస్తున్నాను.

పిలిచింది మా వాడ పిల్లే. నా దగ్గర అయిదో తరగతిదాకా చదువుకుని, ఇప్పుడు సర్కారు దవాఖానలో నర్సుగా పనిచేస్తున్నది. కార్డు వెనక దారి గీసి ఇచ్చింది: వనపర్తి నుంచి ఖిల్లా ఘణపూర్ పోయే దారిలో వెంచర్ కమాను, కమాను దాటాక మూడో వీధి, ఎడమచేతి పక్కన రెండో ఇల్లు. నాకు ఆ దారి ఎవరూ గీసి ఇవ్వనక్కరలేదు. ఆ కమానూ వీధులూ రాకముందు అది మా బొందలగడ్డ, మా వాడలో పుట్టినవాళ్ళను చివరికి మోసుకుపోయి మట్టిలో పెట్టే చోటు.

మాది మట్టిపని చేసేవాళ్ళ వాడ. దేశంలో ఏ మూల ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా అక్కడ పాలమూరు కూలీ ఉంటాడని చెప్పుకునేవారు, ఆ మాట వింటే మాకు కొంచెం గర్వంగా కూడా ఉండేది, కడుపు నిండని గర్వమే అయినా. దసరా వెళ్ళగానే మేస్త్రీ లారీ తెచ్చి వాడ మొగదల నిలిపేవాడు. ముందు గిన్నెలు, చాపలు, పారలు, గంపలు ఎక్కేవి, వాటి మీద మనుషులు ఎక్కేవారు. మళ్ళీ తొలకరి పడే వేళకే తిరిగి రావడం. హిందువులం, యేసును నమ్ముకున్నవాళ్ళం అన్న తేడా లారీ ఎక్కేటప్పుడు ఉండేది కాదు, బొందలగడ్డలోనూ ఉండేది కాదు. మిట్ట మీద వాళ్ళ సిలువలు, పల్లంలో మా రాళ్ళు, మధ్యలో ఒక పెద్ద రాతి గుండు.

నాయినతో నేను గడిపిన రోజులు తక్కువ. ఏడో ఏట నన్ను సర్కారు హాస్టల్లో వేశారు. ఒకసారి చూడవచ్చి, లోపలికి రావడానికి మొహమాటపడి, గేటు బయటే నిలబడి పుట్నాల పొట్లం చేతిలో పెట్టి, మాస్టారికి ఎదురు చెప్పకు అని మాత్రం చెప్పి వెళ్ళిపోయాడు. పార భుజాన వేసుకుని, ఎడమచెయ్యి వెనక్కి పెట్టుకుని నడిచే ఆ వీపు తప్ప ఆయన ముఖం నాకు సరిగా గుర్తు లేదు, ఇది చెప్పుకోవడానికి ఈ వయసులోనూ సిగ్గేస్తుంది.

నేను నాలుగో తరగతిలో ఉన్న ఏడు వాళ్ళు పూణె అవతల ఎక్కడో కాలువ పనికి పోయారు. బడులు తెరిచి నేను హాస్టలుకు పోయాక గానీ అమ్మ తిరిగి రాలేదు. దసరా సెలవులకు ఇంటికి వస్తే ఆమె చేతులకు గాజులు లేవు. నన్ను నేరుగా బొందలగడ్డకు తీసుకుపోయి, పల్లంలో గుండుకు పన్నెండు అడుగుల దూరాన ఒక ఎర్రమట్టి దిబ్బ, దాని తలాపున నాటిన రాయి చూపించి, "నాయిన ఈడ పండిండు బిడ్డా. నిన్ను పిలిచే యాళ్ళ లేకపోయె" అంది. కాలువ గట్టు కూలిందని, లారీలో తెచ్చి ఇక్కడ పెట్టామని చెప్పింది. నేను నమ్మాను. అమ్మ చెప్పిన మాట నమ్మకపోవడం అనేది ఒకటుంటుందని ఆ వయసులో ఎవరికి తెలుసు?

బతుకమ్మ పండుగ మొదలయ్యే అమావాస్యను మా దిక్కు పెత్రమాస అంటారు, పోయిన పెద్దలకు అన్నం పెట్టుకునే రోజు. ఆనాడు వాడంతా బొందలగడ్డలోనే ఉండేది. ఏడాదికి రెండు మూడుసార్లే మా ఇళ్ళలో ఉడికే వరి అన్నం, దొరికితే మేకను కోసి వండిన యాటకూర, గంపలో పెట్టుకుని అక్కడికే పోయి తినేవాళ్ళం. మొదటి ముద్ద రాయి ముందు నేల మీద పెట్టాకే మన నోట్లో ముద్ద. సిలువలవాళ్ళు తమ పండుగకు తమ గోరీలకు సున్నం వేసుకునేవారు గానీ, ఆ రోజు మాత్రం మాతో కూర్చుని యాటకూరలో మూలుగబొక్క కోసం పోట్లాడేవారు. ఆ పోట్లాటల్లో నేనేమీ తక్కువ తినలేదు.

ఇంకో పని కూడా ఆనాడు ఉండేది. ఏ గోరీ అయినా మొదటి వానకాలానికి నడుము దగ్గర కుంగుతుంది. లోపలి మనిషి మట్టిలో కలిసినకొద్దీ పైమట్టి కిందికి దిగుతుంది. ఆడవాళ్ళు గంపలతో మట్టి తెచ్చి ఆ గుంటలు పూడ్చి, నీళ్ళు చల్లి, చేత్తో మెత్తేవారు. మా నాయిన గోరీ మాత్రం ఏ ఏడూ కుంగలేదు. తోటిపిల్లల దగ్గర నేను దాని గురించి గొప్పలు పోయేవాణ్ణి, మా నాయిన గట్టివాడు కాబట్టి లోపల భుజం ఆనించి మట్టిని ఆపుతున్నాడని చెప్పేవాణ్ణి. ఒకసారి ఆ మాట అమ్మ విని ముఖం పక్కకు తిప్పుకుంది. పక్కనే ఉన్న పెద్దమ్మ, అమ్మ సొంత అక్క, నా తల నిమిరి, "గట్టోడే బిడ్డా, మీ నాయిన" అంది.

ఆ తర్వాత అమ్మ మళ్ళీ లారీ ఎక్కలేదు. పల్లికాయ తెంపడానికి పోయి, కలుపుకు పోయి నన్ను చదివించింది. నాకు ఉద్యోగం వచ్చాక, రాయి మీద నాయిన పేరు చెక్కిద్దామంటే వద్దంది. తాను పోతే తనను ఆయన పక్కనే, మూరెడు ఎడంతో పెట్టమని, తన రాయి మీద కూడా పేరు రాయించొద్దని చెప్పింది. ఇరవై ఏళ్ళ కిందట అలాగే చేశాను. మొదటి వానకాలానికే అమ్మ గోరీ నడుము దగ్గర కుంగింది. రెండు గంపల మట్టి నేనే పోశాను. పక్కన నాయినది కుంగలేదే అన్న ఆలోచన అప్పుడన్నా నాకు రావాలి. ఊరందరి పిల్లలకూ కారణాలు చెప్పించే పంతులికి ఆ చిన్న కారణం తట్టలేదు.

ఇక వెంచర్ సంగతి. ఆ నేల ఒకప్పటి దొర మా తాతలకు నోటిమాటగా ఇచ్చినది. కాగితం లేదు, అడగాలని ఎవరికీ తోచలేదు. ఆయన మనవలు ఎక్కడో ఉండి దాన్ని అమ్మేశారు. ఒక పొద్దున మేం పోయి చూసేసరికి మా రాళ్ళ మధ్యన వాళ్ళ రాళ్ళు నాటి ఉన్నాయి, తెల్ల రంగు పూసి, ఎర్రటి నంబర్లు వేసినవి. వాడంతా ఒక్కటైంది. చర్చి వసారాలో కూర్చుని మాట్లాడుకున్నాం, ఆడవాళ్ళు గంపలు బోర్లించుకుని మట్టి లారీలకు అడ్డంగా రోడ్డు మీద కూర్చున్నారు, అర్జీ నేను రాశాను, నా చేతిరాత బాగుంటుందని అందరూ మెచ్చుకున్నారు కూడా.

విచారణకు ఒక అధికారి వచ్చాడు. చెడ్డవాడని చెప్పలేను. మిట్ట మీది సిలువలు, వాటి మీది పేర్లు చూసి ఆ భాగం విడిచిపెట్టాలని అప్పటికప్పుడే రాశాడు. పల్లం దగ్గరే పేచీ వచ్చింది. వెంచర్ మనిషి నవ్వి, "గివి ఉత్త రాళ్ళు సార్. జాగ కోసం పాతిండ్రు" అన్నాడు. పేరు లేదు, తేదీ లేదు. అధికారి, ఒక్క గోరీ తవ్వి చూపిస్తే చాలు, పల్లం మొత్తం బొందలగడ్డ అని రాసేస్తానన్నాడు. ఎవరూ ముందుకు రాలేదు. పెట్టినవాళ్ళను మళ్ళీ లేపడం మా వాడలో మహా పాపం.

నేను లేచాను, మా నాయినది తవ్వండి అన్నాను. అందరూ నన్ను త్యాగమూర్తిని చూసినట్టు చూశారు. నిజం ఈ రోజు చెప్తాను. అమ్మను అలా చూడలేను, నాయిన అయితే ఫరవాలేదు, ఆయన నాకు అంతగా తెలియని మనిషే కదా అని నా మనసు లోపల లెక్క వేసుకుంది. పెద్దమ్మ అప్పటికి చూపు మందగించి, కర్ర సాయంతో వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "నాయినను గెలకకు బిడ్డా. వద్దు, నా మాటిను" అంది. ముసలితనపు భయం అనుకుని ఆ చెయ్యి మెల్లగా విడిపించుకున్నాను.

పార మొదటి వేటు నేనే వేశాను, తర్వాత వాడ కుర్రవాళ్ళు అందుకున్నారు. మోకాలి లోతు ఎర్రమట్టి, నడుము లోతు ఎర్రమట్టి. ఆ కింద ఒక చారెడంత మేర నల్లగా తగిలింది. మాదంతా ఎర్ర చెల్క, మా నేలలో నల్లరేగడి ఎంత తవ్వినా దొరకదు. ఆ నల్లమట్టి ముద్ద పక్కన, పిడి చెదలు తినేసిన ఒక పార, తుప్పుపట్టి పొరలు లేచి ఉంది. దాని కింద గట్టినేల. ఇంకేమీ లేదు. ఎముక కాదు, గోరు కాదు, ఏమీ లేదు. గుంట అంచున కూర్చుని ఆ మట్టిని చేతిలోకి తీసుకున్నప్పుడు, యాభై ఏళ్ళు నేను అన్నం పెట్టుకున్న మా నాయిన ఆ రోజు నిజంగా చచ్చిపోయాడు.

దుఃఖం అంతటితో ఆగినా బాగుండేది. ఆ గుంటకు మూరెడు దూరంలో అమ్మ ఉంది. ఆమె అక్కడ ఉందని వాడలో అందరికీ తెలుసు, మోసినవాళ్ళే చుట్టూ నిలబడి ఉన్నారు. వాళ్ళందరూ నా ముఖం చూశారు. పక్కది తవ్వండి అని ఒక్క మాట నేను అంటే మా తాతలు, అవ్వలు, పల్లంలో పడుకున్న అందరూ మిగిలేవారు. ఆ మాట నేను అనలేదు. అనమని నన్ను ఎవరూ అడగలేదు, అదే నన్ను ఇప్పటికీ కోస్తుంది. అధికారి ఏమీ దొరకలేదని పంచనామా రాసి, సాక్షిగా నా సంతకం అడిగాడు. పెట్టాను.

సాయంత్రం పెద్దమ్మ గుడిసె ముందు కూర్చున్నప్పుడు ఆమె విప్పి చెప్పింది. "గట్టు కింద పడ్డోన్ని తియ్యరాలేదు బిడ్డా, ఆడనే ఉండిపోయిండు. మీ అమ్మ ఆడి మట్టి కొంగుల కట్టుకొని, పార పట్టుకొని ఒచ్చింది. నువ్వు బడి ఇడిసి నాయినను దేవులాడుకుంట ఆ కాల్వ కాడికి పోతవని నాతోని ఒట్టు పెట్టించుకున్నది." పల్లంలో ఆ వరసలో అలాంటి రాళ్ళు ఇంకా ఉన్నాయట, పనికి పోయిన చోటే పోయినవాళ్ళవి. పిల్లలకు కూర్చుని ఏడవడానికి ఒక జాగా ఉండాలని పెద్దలు నాటి, నోరు మూసుకున్నారట. ఆ ఏడాదే పెద్దమ్మ కూడా పోయింది. సిలువలవాళ్ళు ఆమెకు మిట్ట మీద చోటిచ్చారు.

పల్లాన్ని తవ్వలేదు, మీద నాలుగడుగుల మట్టి పోసి చదును చేశారు. గుండును మాత్రం రంగు వేసి, మూడో వీధి పక్కనే పార్కులో అలంకారంగా ఉంచారు. మొన్న ఆ గుండు దగ్గర ఆటో దిగి, కాళ్ళు వాటంతటవే అడుగులు లెక్కపెడుతుంటే పన్నెండో అడుగు ఆ పిల్ల ఇంటి ముందుగదిలో పడింది. అక్కడే భోజనాల బల్లలు వేశారు. ఆమె పరుగున వచ్చి కాళ్ళకు మొక్కింది, దగ్గరుండి కూర్చోబెట్టి వడ్డించింది. సంతోషంలో తడిసిపోతూ, "మీరు తవ్వి చూపించినంకనే, కింద ఎవరూ లేరని ధైర్యమొచ్చింది సార్. లేకపోతే మా అమ్మ ఈడ కొననిస్తుండెనా?" అంది. ఆ పిల్ల తల్లి కూడా పక్కనే ఉంది. మా అమ్మకు చివరి నీళ్ళు పోసినవాళ్ళలో ఆమె ఒకతి. ఆమె నా వైపు చూడకుండా కూర గిన్నె తీసుకుని లోపలికి పోయింది.

నేను మొదటి ముద్ద తీసి, వంగి, కుర్చీ పక్కన గచ్చు మీద పెట్టాను. పిల్ల చూసి, "అయ్యో, పడ్డదా సార్? ఉండుండ్రి" అని తడిగుడ్డ తెచ్చి తుడిచేసింది. తెల్లటి బండ మళ్ళీ తళతళలాడింది. నేను లేచాను.

ఆ పిల్ల మీద నాకు కోపం లేదు. ఊళ్ళవాళ్ళందరి ఇళ్ళకూ మట్టి మోసిన వాడలో పుట్టి సొంతానికి గచ్చు ఇల్లు కట్టుకున్నది, దాని సంతోషానికి దిష్టి తగలకూడదు. మా కాలంలో మాకు ఇల్లు లేకపోయినా, పోయినవాళ్ళ పక్కన కూర్చుని అన్నం తినడానికి నేల ఉండేది. ఇప్పటి పిల్లలకు ఇల్లుంది, కింద ఎవరున్నారో తెలియదు, తెలియకపోవడమే వాళ్ళకు మంచిది. పెత్రమాస వస్తే నేనే ఎక్కడికి పోవాలో తెలియక ఇంట్లో గోడ వైపు తిరిగి కూర్చుంటున్నాను. అమ్మ గోరీ కుంగిన ఏడు రెండు గంపల మట్టి పోసి, వచ్చే ఏడు మళ్ళీ పోస్తాలే అనుకున్నాను. ఇప్పుడు ఆమె మీద నాలుగడుగుల మట్టి, ఆ మట్టి మీద కాంక్రీటు, దాని మీద తెల్లబండలు. ఎన్ని వానలు పడినా, నాయినది లాగే, అమ్మ గోరీ కూడా ఇక కుంగదు.