జేబు పాట

కత్తెరమ్మ ఇంట్లో పొద్దున్నే కుట్టుమిషను కన్నా ముందు రికార్డు తిరగాలి. ముఖం కడుక్కుని, టీ గ్లాసు పట్టుకుని ముందు గదిలోకి వస్తుంది. ప్లేయరు మూత ఎత్తి, నల్లటి రికార్డును అందుకోసమే దాచిన మెత్తటి గుడ్డతో తుడిచి, ముల్లు ఆనిస్తుంది. బాకా మోగుతుంది. డ్రమ్ము మీద ఎవరో పుల్లలతో చక్కిలిగింతలు పెడతారు. వాళ్ళ మధ్యలోంచి క్లారినెట్ సందు చేసుకుని వస్తుంది. రికార్డు ఆ వైపు అయిపోయేదాకా ఎంత తొందర పని మీద వచ్చినవాళ్ళయినా గుమ్మంలో నిలబడాల్సిందే. లారీ మీద తిరిగే మొగుడు వారంలో సగం రోజులు ఇంట్లో ఉండడు. ఉన్న రోజుల్లో చెవులకు దిండు అడ్డం పెట్టుకుని పడుకుంటాడు. పాట ఆపమని అడిగే ధైర్యం ఆయనకు పెళ్ళయిన కొత్తలోనే పోయింది.

ఆమెకు అసలు పేరు ఉంది. మెడలో టేపు, చేతిలో కత్తెర లేకుండా ఆమెను చూసినవాళ్ళు లేరు గనుక వీధంతా కత్తెరమ్మ అనే పిలుస్తుంది. బడిపిల్లల యూనిఫారాల దగ్గర్నుంచి బ్యాంకు మేనేజరు కోటు దాకా అన్నీ ఆమె చేతి మీదుగా వెళ్ళాల్సిందే. తాను కుట్టిన బట్ట వెనక్కి రాదని ఆమె గర్వం. ఎప్పుడైనా వచ్చిందంటే తప్పు బట్టది కాదు, వేసుకున్నవాడి పొట్టది. ఆ మాట వాడి ముఖం మీదే అంటుంది కూడా. మీసం ఉంటే మెలేసేదే.

రికార్డులు అన్నయ్య ఇచ్చినవి. ఆయన ఓడల్లో వంటవాడిగా పనిచేసి, దిగిన ప్రతి రేవులోనూ ఒకటో రెండో కొని, చివరికి ప్లేయరుతో సహా తెచ్చి చెల్లెలికి అప్పగించాడు. అట్టల మీద ఉన్న భాష ఇంట్లో ఎవరికీ రాదు. అందుకని పాటలకు వాళ్ళే పేర్లు పెట్టుకున్నారు. రికార్డు తిరుగుతున్నంతసేపూ మిషను తొక్కకూడదు కానీ చేతిపని చేసుకోవచ్చు. గుండీలు కుడుతూ వినేది గుండీల పాట. కాలర్లకు చాక్‌పీసుతో గీతలు గీస్తూ వినేది కాలరు పాట. జేబులకు కచ్చా కుట్టు వేస్తూ వినేది జేబు పాట. జేబు పాటంటే కత్తెరమ్మకు ప్రాణం.

కూతురు ఇంకా బడికి వెళ్ళని రోజుల్లో ప్లేయరులో రబ్బరు బెల్టు తెగింది. రేడియోలు బాగుచేసే అతను చూసి, ఈ రకం ఇప్పుడు దొరకదు, పారెయ్యమన్నాడు. పారెయ్యడమా? ఆమె ఒంటికాలి మీద లేచింది. అతన్ని సాగనంపి, స్కర్టుల నడుముకు వేసే ఎలాస్టిక్ కొలిచి కత్తిరించి, అంచులు ఆనించి కుట్టి, బెల్టు ఉండే చోట తొడిగింది. ప్లేటు తిరిగింది. ఇక చూడండి ఆమె సంబరం, ఏనుగెక్కినంత! వీధిలో ఆ సంగతి తెలియనివాళ్ళు లేరు. తెలిసినవాళ్ళకు కూడా మళ్ళీ చెప్పింది. ఆ తరవాత ఒకసారి అన్నయ్య వచ్చి జేబు పాట విని, వీడి గొంతు పీలగా అయిపోయిందేమిటమ్మా అన్నాడు. ఓడ ఇంజన్ల పక్కన బతికి పాపం అన్నయ్య చెవులు పాడయ్యాయని ఆమె జాలిపడింది.

ఆ పాటల మధ్యే కూతురు పెరిగింది. మామయ్య తెచ్చిచ్చిన పాత క్లారినెట్ పట్టుకుని, రికార్డు పక్కనే కూర్చుని, అందులో వినిపించింది వినిపించినట్టు వాయించడం నేర్చుకుంది. కత్తెరమ్మకు స్వరమంటే ఏమిటో తెలియదు. బట్టలో ముడత పడితే ఆమె కంటికి ఎలా తెలుస్తుందో, పాటలో ముడత పడితే చెవికి అలాగే తెలుస్తుంది. సూది ఆపకుండా, తలెత్తకుండా, "ఊఁ, అక్కడ ముడత పడింది. విప్పి మళ్ళీ కుట్టు" అనేది. పిల్ల ఏడుస్తూ మళ్ళీ వాయించేది. ముడత పోయేదాకా తల్లి వదిలేది కాదు.

ఇప్పుడా పిల్ల మందుల దుకాణంలో పనిచేస్తోంది. ఊళ్ళో ఒక డాన్సు బ్యాండు ఉంది. అందులో క్లారినెట్ వాయించే పెద్దాయన ఊపిరి చాలక మానుకున్నాడు. ఆ కుర్చీలో కూర్చోవడానికి మనిషి కావాలని తెలిసిన రోజు నుంచి పిల్ల అన్నం సరిగా తినలేదు. ఆ కుర్చీ దొరికితే ఈ జన్మకు ఇంకేమీ అక్కర్లేదని తల్లి భుజం మీద తల పెట్టి చెప్పింది. కత్తెరమ్మ ఊరుకుంటుందా? మా అమ్మాయిని కాదంటే వాళ్ళకే నష్టమని వీధంతా చాటింది. రాత్రీ పగలూ కూర్చుని పిల్లకు నీలం కోటు కుట్టింది. ఆదివారం ఉదయం ఇద్దరూ వెళ్ళారు.

బేకరీ మీద పొడుగాటి హాలు. బ్యాండు మేష్టారు లావుపాటి మనిషి, తపాలా ఆఫీసులో ఉద్యోగి, నెమ్మదస్థుడు. ఏం వాయిస్తావమ్మాయ్ అని అడిగాడు. పిల్ల ఏ తడబాటూ లేకుండా జేబు పాట అంది. వాయిద్యగాళ్ళు ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. చివరికి ఆమె కూనిరాగం తీస్తే, ఓహో అదా, మాకూ వచ్చులే అని అందరూ వాయిద్యాలు అందుకున్నారు. గోడవారన కుర్చీలో కూర్చున్న కత్తెరమ్మ చేతులు కట్టుకుని, ఇక చూడండి అన్నట్టు గడ్డం పైకెత్తింది.

బ్యాండు మొదలుపెట్టింది. పిల్ల అందుకుంది. అంతే, హాల్లో రెండు పిల్లులు కొట్టుకున్నట్టయింది. మేష్టారు ఆపమని చెయ్యి ఎత్తాడు. మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ పిల్లులే. బాకా అతను నవ్వు ఆపుకోలేక తల తిప్పుకున్నాడు. నువ్వు అర మెట్టు పైన వాయిస్తున్నావమ్మాయ్ అని మేష్టారు మెల్లగా చెప్పాడు. రికార్డులో ఇలాగే ఉంది సార్ అంది పిల్ల, పాలిపోయిన ముఖంతో. లేదమ్మా, రికార్డులో మేం వాయించినట్టే ఉంటుంది అన్నాడాయన.

కత్తెరమ్మ లేచి నిలబడింది. "మా ఇంటి రికార్డు తప్పు పాడదండీ. రోజూ పొద్దున్నే వింటాం."

మేష్టారికి కోపం రాలేదు. కాసేపు ఆలోచించి, ఆ ప్లేయరు ఎప్పుడైనా బాగుచేయించారా అని అడిగాడు.

అడగాల్సిన ప్రశ్నే అడిగాడు మహానుభావుడు. ఆమె నిలువెల్లా గర్వంతో, ఊళ్ళో ఎవరివల్లా కాకపోతే తానే చేసుకున్నాననీ, స్కర్టు ఎలాస్టిక్ వేశాననీ, ఇప్పటికీ చెక్కుచెదరలేదనీ చెప్పింది. హాలంతా గొల్లుమంది. మేష్టారు మాత్రం నవ్వకుండా విడమరచి చెప్పాడు. ఎలాస్టిక్ రబ్బరు కన్నా మందం. మందమైతే ప్లేటు వేగంగా తిరుగుతుంది. వేగంగా తిరిగితే పాట మొత్తం పైకి జరుగుతుంది.

కత్తెరమ్మకు తల కొట్టేసినట్టయింది. నవ్వినందుకు కాదు. నవ్వేవాళ్ళను ఆమె జీవితంలో చాలామందిని చూసింది, చాలామందికి కోట్లు కుట్టింది. పిల్ల పెరిగినన్నాళ్ళూ ముడత ముడత అని సతాయించి, అసలు కొలతే తప్పు ఇచ్చానా అని ఆమె గుండెల్లో రాయి పడింది. మళ్ళీ కుర్చీలో కూర్చుంది.

మేష్టారు నొప్పించకుండానే చెప్పాడు. ఆరు నెలలు సరైన శ్రుతిలో సాధన చేసి రమ్మన్నాడు. ఆరు నెలలు ఆ కుర్చీ ఖాళీగా ఉండదని అక్కడున్న అందరికీ తెలుసు. పిల్ల క్లారినెట్‌ను పెట్టెలో పెట్టబోయింది. పెట్టలేదు. ఒక్క నిమిషం ఆగమని అడిగి, కళ్ళు మూసుకుని, ఊదకుండా మీటల మీద వేళ్ళు ఆడించుకుంది.

"మొదలుపెట్టండి సార్. నేనే కిందికి వస్తాను."

మొదటి వరుసలో రెండుసార్లు తడబడింది. ఒక స్వరం ఎక్కడో పడింది. కత్తెరమ్మ పెదవి కొరుక్కుంది. రెండో వరుసకు వేళ్ళు దారికొచ్చాయి. మూడోదానికి బ్యాండే ఆ పిల్ల వెనకాల నడవడం మొదలుపెట్టింది. నవ్విన బాకా అతను తన వంతు వచ్చినా ఊదడం మరిచిపోయి వింటూ ఉండిపోయాడు. మేష్టారు ఆమె వేళ్ళ వంకే చూస్తున్నాడు.

పాట అయ్యాక ఆయన మిగతావాళ్ళ వైపు తిరిగి, ఈ అమ్మాయి ఇన్నాళ్ళూ వాయించిన మెట్టులో వేళ్ళు మెలికలు తిరిగిపోతాయనీ, మనమందరం భయపడి తప్పుకునే చోటునుంచే నేర్చుకుని వచ్చిందనీ అన్నాడు. అందుకే మన మెట్టు ఆమెకు నల్లేరు మీద నడక అయిందన్నాడు. వచ్చే ఆదివారం నుంచి రమ్మన్నాడు. పిల్ల ఏడవకుండా ఉండటానికి చాలా కష్టపడింది.

మేష్టారు ఇంకో మాట అడిగాడు. కొత్తగా చేరినవాళ్ళను జనానికి పరిచయం చేసేటప్పుడు గురువు పేరు కూడా చెప్పడం తమ బ్యాండు పద్ధతి. నీ గురువు ఎవరమ్మాయ్ అన్నాడు. రికార్డు విని నేర్చుకుందని తెలుసు కనుక, రికార్డు మీది ఆయన పేరు చెబుతుందనుకున్నాడు.

"మా అమ్మ," అంది పిల్ల.

అందరూ గోడవైపు తిరిగారు. మేష్టారు గౌరవంగా రెండడుగులు ముందుకు వేసి, మీరు కూడా క్లారినెట్టేనా అండీ అని అడిగాడు. కత్తెరమ్మ లేచింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, తుడుచుకోలేదు. మెడలో టేపు సర్దుకుంది.

"నాకు వాయించడం రాదండీ," అంది. "నేను కుడతాను."