చూసినోడి పోగు

ఐదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మొయ్యలేక ఇప్పుడు చెబుతున్నానని అనుకోకండి. మోయడం అలవాటైపోతోందని భయమేసి చెబుతున్నాను. మొదటి సంవత్సరం అన్నం సయించేది కాదు. ఇప్పుడు శుభ్రంగా తింటున్నాను, నిద్రపోతున్నాను, పెళ్లిళ్లకు వెళ్లి నలుగురిలో కూర్చుని జోకులేస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్ల ముందు నోరు విప్పే దమ్ముంటే ఈ కాగితంతో పనే ఉండేది కాదు.

నా పేరు రాయను. ఊరి పేరూ రాయను. గజపతినగరం సంతకు వచ్చే ఊళ్లలో ఏదో ఒకటి అనుకోండి. పైన కొండ, కొండ మొదట్లో జీడితోటలు, కింద వరి. నేను డ్రోన్లు ఎగరేస్తాను. పొలాలకు మందు కొట్టే పెద్దది ఒకటి, చిన్నది ఒకటి. ఆ చిన్నదానికి వేడిని చూపించే కెమెరా ఉంటుంది. పార్వతీపురం వైపు ఏనుగులు ఊళ్ల మీదకు దిగినప్పుడు అవెక్కడున్నాయో చూసి చెప్పడానికి ఫారెస్టోళ్లు నన్ను పిలిచేవారు. పొదల మధ్య ఏ జంతువున్నా సరే, ఒంట్లో వేడి ఉంటే చాలు, తెర మీద తెల్లగా కనిపిస్తుంది. జీపులో నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టేవారు. ఆ రోజుల్లో ఊళ్లో నా నడకే మారిపోయింది.

మా బావకు, అంటే మా ఆవిడ అన్నకు, జీడితోట ఉంది. నాటు తుపాకీ కూడా ఉంది. పందుల్ని బెదిరించడానికని చెప్పుకునేవాడు. ఒక చలికాలం, అప్పుడే వెలుగు వస్తుండగా ఫోన్ చేశాడు. దుప్పిని కొట్టాడట. దెబ్బ తగిలిందట గానీ పడలేదట. నెత్తురు చుక్కలు గెడ్డ వాగు దాకా కనిపించాయట, ఆ తర్వాత లేవట. "నీ డ్రోను అట్టుకొచ్చీ, బేగి రా" అన్నాడు.

వెళ్లాను. ఎందుకెళ్లాను? పెళ్లాం అన్న పిలిచాడని. అది సగం నిజం. మిగతా సగం, నా పనితనం చూపించుకోవాలని. విదేశాల వీడియోలు ఫోన్లో చాలా చూసి ఉన్నాను. అక్కడ కొట్టిన దుప్పి దొరక్కపోతే డ్రోనువాణ్ణి పిలుస్తారు, వాడు వెతికి చూపిస్తే భుజం తడతారు. అక్కడ కూడా ఇలా వెతకడం సబబేనా అని వాదించుకుంటారట, ఒక్కోచోట ఒక్కో చట్టమట. మన దగ్గర అంత తర్జనభర్జన లేదు. వేటే నేరం. ఆ సంగతి నాకు తెలుసు, ఫారెస్టు జీపులో తిరిగేవాడికి తెలియకుండా ఎలా ఉంటుంది? కానీ బండి మీద వెళ్తూ దారి పొడవునా నాకు నేనే ప్లీడరునయ్యాను. కొట్టింది బావ. నేను వెతుకుతున్నానంతే. పొదల్లో పడి రోజంతా కొట్టుకుని చచ్చే జీవాన్ని కనిపెడితే అది పాపమా, పుణ్యమా? చూడటం నేరం ఎలా అవుతుంది?

చాలా రోజుల తర్వాత విజయనగరంలో ఒక లాయరును ఇదే అడిగాను, ఎవరో స్నేహితుడి సంగతని చెప్పి. ఆయన నవ్వాడు. వెతికి చూపించినా వేటలో భాగమేనన్నాడు. మాంసం ఎవరి దగ్గర దొరికితే వాళ్ల మెడకే చుట్టుకుంటుందని, తప్పు తనది కాదని ఆ దొరికినవాడే నిరూపించుకోవాలని చెప్పాడు. మీ స్నేహితుణ్ణి జాగ్రత్తగా ఉండమనండి అని కూడా అన్నాడు.

ఆ పొద్దున నేల చల్లగా ఉంది. మూడు నిమిషాల్లో దొరికేసింది. వెదురు పొద వెనక తెల్లటి మచ్చ. డ్రోను చప్పుడుకు తల ఎత్తింది. బతికే ఉంది. చోటు చెప్పాను. బావ కత్తి పట్టుకుని వెళ్లాడు. కాసేపటికి తెర మీద ఆ మచ్చ పక్కన తెలుపు మెల్లగా నేల మీదకు పాకింది. నెత్తురు వేడిగా ఉంటుంది కదా. తర్వాత అది బూడిదరంగుకు తిరిగింది, ఆ తర్వాత నేలలో కలిసిపోయింది. బ్యాటరీ ఎంతుందో చూసుకుని డ్రోనును జాగ్రత్తగా దించుకున్నాను.

మా ఊళ్లో వేట పంచుకోవడానికి ఒక పద్ధతుంది. అడ్డాకుల మీద పోగులు పెడతారు. తుపాకీ ఉన్నవాడికి ఒకటి, మోసినవాళ్లకు తలా ఒకటి, పడ్డ జంతువును ముందుగా కనిపెట్టినవాడికి విడిగా ఇంకొకటి. దాన్ని చూసినోడి పోగు అంటారు. పూర్వం కుక్కను తోలుకెళ్లినవాడికి వచ్చేది. ఆ రోజు నాకొచ్చింది. వద్దన్నాను. బావ ఊరుకోలేదు. పోగు తీసుకోకుండా పోతే నువ్వు ఎక్కడో నోరు జారతావని మిగతావాళ్లు అనుకుంటారన్నాడు. అప్పుడర్థమైంది, ఆ పద్ధతి ఎందుకు పెట్టారో. తిన్నవాడు చెప్పడు. తీసుకున్నాను.

ఇంట్లో ఉంచుకోవడానికి భయం. పారేయడానికి మనసొప్పలేదు. అప్పుడు సన్యాసి చిన్నాన్న గుర్తొచ్చాడు.

ఆయన మా చుట్టం కాదు, వరస కలుపుకుని పిలుచుకోవడమే. మా వీధి చివర ఇల్లు. ఎవరిదో మెట్టభూమి కౌలుకు తీసుకుని చోళ్లు, మొక్కజొన్న వేసేవాడు. అంతకుముందు నెలలో నా డ్రోను తాటిమట్టల్లో ఇరుక్కుంటే ఆ వయసులో చెట్టెక్కి, తువ్వాలులో చుట్టి, పసిబిడ్డను దించినట్టు దించి నా చేతికిచ్చాడు. టీ తాగుదాం రమ్మన్నా రాలేదు. ఆయనకు ఏదో ఒకటి చెయ్యాలని అప్పటి నుంచీ ఉంది. చూశారా, నేనెంత మంచివాణ్ణో! నా భయం వదిలించుకుంటూ అదే చేత్తో కృతజ్ఞత కూడా చూపించేశాను. మొక్కు తీర్చుకున్నాం, మేకపోతు మాంసం అని చెప్పి ఆయన భార్య రాములమ్మ పిన్ని చేతిలో పెట్టాను. అంత మాంసం చూసి ఆవిడ సంబరపడిపోయింది. సగం వండింది. మిగిలినదానికి ఉప్పూ పసుపూ రాసి పెరట్లో తీగ మీద ఎండబెట్టింది.

రెండోరోజు గెడ్డలో తోలు తేలింది. ఎవరు చెప్పారో, మధ్యాహ్నానికల్లా ఫారెస్టోళ్లు వచ్చారు. వస్తూ వస్తూ నాకే ఫోన్ చేశారు, మీ ఊరే కదా, డ్రోను పట్టుకుని రమ్మని. ఎగరేశాను. బావ తోట వైపు కాకుండా అవతలి కొండ మీద అరగంట తిప్పి, ఏమీ లేదని చెప్పాను. వాళ్లు నన్ను నమ్మారు. ఇక ఊళ్లో ఒకసారి తిరిగి పోదామని నడుస్తుంటే ఒక గార్డు సన్యాసి చిన్నాన్న పెరటి దడి దగ్గర ఆగాడు. తీగ మీద ఆ ముక్కలు చూసి, మేకదని పిన్ని చెబితే, మేక మాంసం ఇంత నల్లగా ఎండుతుందా అన్నాడు.

ఆ తర్వాత జరిగిన మాటలు నా మనసులోంచి ఒక్కటి కూడా పోలేదు. చిన్నాన్న మొదట కంగారు పడలేదు. నన్ను చూసి ధైర్యంగా నవ్వాడు కూడా.

"ఏటి నాయనా, అలగ నిలుసున్నావు? నువ్వే గదా అట్టుకొచ్చినావు. మొక్కు మాంసమని సెప్పినావు గదా. ఆ మాట బాబుగోరికి సెప్పు."

"నానేటి ఇచ్చాను సిన్నాన్నా? నాకేటి తెల్సు?"

"ఒరే, ఒక్కపాలి గేపకం సేసుకో. మీ పిన్ని సేతిలోనే ఎట్టినావు."

"నాను ఇవ్వనేదు."

ఆయన నా మొహంలోకి చూశాడు. తర్వాత ఆఫీసరు వైపు తిరిగి, "ఆడు సిన్నోడు బాబూ, బయపడతన్నాడు. ఆణ్ణి ఒగ్గీండి" అన్నాడు.

నన్ను వదిలేయమన్నాడు. వదిలేశారు. అసలు పట్టుకుంటే కదా! పంచనామా రాసి, ఊరివాళ్ల సంతకం కావాలంటే నన్నే పెట్టమన్నారు. పెట్టాను. చిన్నాన్నను జీపెక్కించారు.

చాలాకాలం ఒక ఆలోచనను పట్టుకుని వేలాడాను. వండుకు తిన్నాక ఆయనకు తెలియలేదా? కొండ పక్కన పుట్టి పెరిగినవాడు, దుప్పి రుచి తెలియదా? తెలిసీ ఊరుకున్నాడంటే ఆయన తప్పు కూడా ఉన్నట్టేగా? ఈ ప్రశ్నతో ఏడాదిన్నర గడిపాను, రోజూ కాస్త కాస్త నమలుకుంటూ. ఆయనకు తెలిసే ఉండొచ్చు. తెలిసి కూడా, ఇచ్చినవాడు నేను కాబట్టి నా పరువు పోతుందని ఎవరితోనూ అనకుండా ఊరుకుని ఉండొచ్చు. అలా అనుకున్న రోజున ఆ ప్రశ్న వదిలేశాను.

చిన్నాన్న రెండు నెలలు జైల్లో ఉన్నాడు. బెయిలు మీద వచ్చేసరికి కౌలుభూమి వేరేవాళ్లకు పోయింది. పిన్ని జీడిపిక్కలు కొట్టే పనికి పోతోంది, ఆ జిగురుకు వేళ్లు నల్లబడి పొట్టు లేచిపోయాయి. ఊళ్లో ఆయన పేరు ఇప్పుడు దుప్పి సన్యాసి. అలా పిలిచి నవ్వేవాళ్లలో ఆ పొద్దున అడ్డాకుల్లో పోగులు పట్టుకెళ్లినవాళ్లే ముగ్గురున్నారు. మా బావ ఒకడు. వాళ్లతో కలిసి నేను కూడా ఒకసారి నవ్వాను. అది కూడా రాయాలి కదా, రాస్తున్నాను.

పోయిన నెల కోర్టుకు పిలిచారు. పంచనామా సాక్షిని నేనే. ఈ సంతకం మీదేనా అన్నారు. నాదే అన్నాను. ఈ మాంసం మీ ఎదుటే ఆ ఇంట్లో పట్టుకున్నారా అన్నారు. అవునన్నాను. రెండూ నిజాలే. ఒక్క అబద్ధం ఆడకుండా ఒక మనిషిని ముంచొచ్చని ఆ రోజు తెలిసింది. ఆ మాంసం అక్కడికెలా వచ్చిందని ఎవరైనా అడుగుతారేమోనని ఒళ్లంతా చెమట పట్టింది. ఎవరూ అడగలేదు. ఆయన తరఫు లాయరు కూడా, చదివే సంతకం పెట్టారా అని మాత్రం అడిగి కూర్చున్నాడు. బయటికొస్తే వరండాలో బల్ల మీద చిన్నాన్న ఉన్నాడు. నన్ను చూసి కాస్త పక్కకు జరిగాడు, కూర్చోమన్నట్టు. నేను కూర్చోలేదు.

తీర్పు ఇంకా రాలేదు. శిక్ష పడితే ఏళ్ల తరబడి లోపలుంటాడు. ఇప్పుడు చెప్పినా ఆలస్యం కాలేదు. ఆయన లాయరు ఇల్లు ఎక్కడో తెలుసు, రెండుసార్లు ఆ వీధి మొదలు దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. నేను నోరు విప్పితే బావ పోతాడు, నేను పోతాను, మా ఆవిడకు పుట్టిల్లు ఉండదు, పిల్లల చదువు ఏమవుతుంది. కారణాలకేం, ఎన్నైనా ఉన్నాయి. చిన్నాన్నను జీపెక్కించినప్పుడు ఆయన ఇంటి గురించి ఇలా ఒక్కటైనా ఆలోచించానా?

మీరు నన్ను క్షమించక్కర్లేదు. అది మీ చేతిలో లేదు కూడా. పేరు లేని కాగితం కోర్టులో చెల్లదు, దీనివల్ల ఆయనకు ఒక్క వాయిదా తగ్గదు. అది తెలిసే రాశాను. ఆ మాంసం నేనే ఇచ్చాను, ఇవ్వలేదని ఆయన మొహం మీదే చెప్పాను. ఇది రాశాక గుండె తేలికైంది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నిజంగానే తేలికైంది.

రేపు చిన్నాన్నకు వాయిదా ఉంది. మొదటి బస్సుకు మా ఇంటి ముందు నుంచే నడిచి వెళ్తాడు. నేను తలుపు వేసుకునే ఉంటాను.