మురుకు దీపం ఆరేదాకా

మొన్న శుక్రవారం పొద్దున, దోహాలో అల్ మన్సూరాలోని మా ఇంటి వెనక ఖాళీ జాగాలో నిలబెట్టిన మా పాత డీజిల్ క్యారవాన్ ఎక్కి తాళంచెవి సగం తిప్పానో లేదో, ఎదురుగా ఉండే పసుపుపచ్చ దీపం ఇలా వెలిగి అలా ఆరిపోయింది. అంతకు ముందు వారమే మెకానిక్ భాయ్ హీటర్ ప్లగ్గులన్నీ మార్చి, వాటిని నడిపే చిన్న డబ్బా కూడా కొత్తది వేశాడు కాబట్టి సంతోషించవలసిన విషయమే, సంతోషించాను కూడా. అయినా స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, ఇంత తొందరగా ఆరిపోతే ఎట్లా అని ఆ దీపంతోనే పేచీ పెట్టుకోబోయాను. మనిషి దొరక్కపోతే వస్తువుతోనైనా కొట్లాడతానని మా ఆయన అంటారు, కాదనను.

క్యారవాన్ అంటే సినిమావాళ్ళు మొహాలకు రంగు వేసుకునే బండి అనే కదా మన తరానికి తెలుసు; మాది మాత్రం లోపలే పడుకునే చక్రాల ఇల్లు. ఖతార్‌ను కూడా దుబాయ్ అనే మా అత్తగారు, మేం కొన్న కొత్తలో, "నా కొడుకులిద్దరు కలిసి దుబాయ్‌ల హీరోయిన్ల బండి కొన్నరు" అని వాడంతా చెప్పుకున్నారట. కలిసి అన్నచోటే ఉంది తంటా అంతా. అన్నదమ్ములు కలిసి కొంటే సరిపోయిందా, తోడికోడళ్ళు కలవొద్దూ? నా తోడికోడలు గోదావరి పిల్ల, నాది నిజామాబాద్. దోహా వచ్చిన కొత్తలో రెండు కుటుంబాలం ఒకే ఇంట్లో చెక్కగోడ అడ్డం పెట్టుకుని, ఒకే వంటింట్లో వండుకునేవాళ్ళం. నా పచ్చిపులుసును ఆమె "మరగబెట్టడం మరిచిపోయిన చారు" అన్న రోజున నేనే ఇల్లు మారదామన్నాను. మేం అల్ మన్సూరాకు వచ్చాం, వాళ్ళు ఉమ్ ఘువైలినాకు వెళ్ళారు. రెండిళ్ళ కిటికీలూ పక్క భవనం గోడలోకే తెరుచుకునేవి. చలికాలం వచ్చిందంటే ఊరు ఊరంతా ఎడారికీ సముద్రానికీ పోయి గుడారాలు వేసుకుంటుంటే, మేం మాత్రం ఆ గోడలను చూస్తూ కూర్చునేవాళ్ళం. బండి కొనాలన్న ఒక్క విషయంలో మాకు మాట కలవడానికి కారణం అదే.

ఉద్యోగం ముగించుకుని స్వదేశం పోతున్న ఒక జర్మనీ కుటుంబం అమ్మజూపిన బండి అది. మగవాళ్ళిద్దరూ ముందు మూత ఎత్తి ఇంజిన్ వైపు భక్తిగా చూస్తుంటే, నేను పరుపు కింద ఇసుకా, ఆమె అలమర వెనక తడి మచ్చా వెతికి పట్టుకున్నాం. ఆ ఇంటావిడ పాపం మా ఇద్దరి మధ్యా నిలబడి రెండు వైపులకూ జవాబు చెప్పుకోలేక తల్లడిల్లిపోయింది. కొన్నాక నేను ఒక షరతు పెట్టాను. ఒక శుక్రవారం వాళ్ళది, ఒక శుక్రవారం మాది, అందరం ఒకేసారి ఎక్కేది లేదు.

ఆ షరతు నెల తిరక్కుండానే చెడింది. అన్నదమ్ములిద్దరికీ శుక్రవారాలు డ్యూటీలు పడ్డాయి. అంత పొడుగు బండిని నడిపే ధైర్యం నాకుంది గాని, వెనక్కి తీసేటప్పుడు దిగి నిలబడి చెప్పే మనిషి కావాలి. ఆమెకు లైసెన్సు లేదు, చెప్పడానికి మాత్రం నోరుంది. అలా ఇద్దరం ముందు సీట్లలో, రెండిళ్ళ పిల్లలూ వెనక, ప్రతి వారం బయల్దేరడం మొదలైంది. వెనక నిలబడి ఆమె "రండి, రండి, రండి అక్కయ్యా, ఇంకాస్త... ఆఁ చాలు, గోడ కూడా మీదే అనుకుంటున్నారా?" అని అరిచిన అరుపులు మా సందులో ఇప్పటికీ వినిపిస్తాయి.

దీపం సంగతి చెప్పాలి. పాత డీజిల్ ఇంజిన్‌ను చలి పొద్దున తిప్పే ముందు లోపల కాస్త వేడెక్కనివ్వాలి; వేడెక్కేదాకా ఎదురుగా ఒక దీపం వెలుగుతుంది. దాని మీద చుట్టలు తిరిగిన తీగ బొమ్మ ఉంటుంది, అచ్చం మురుకులా. ఆమె జంతిక అనేది, దాని మీదా ఒక శుక్రవారం గడిచింది. నేను బడిలో సైన్స్ చెప్పే పంతులమ్మను; డీజిల్‌కు నిప్పురవ్వ అక్కర్లేదు, లోపలి గాలిని గట్టిగా నొక్కితే చాలు దానంతటదే అంటుకుంటుంది, పైగా ఇంత మండే దేశంలో ఇంజిన్‌కు వేడి చేయడమేమిటని వాదించి, మొదటి చలికాలం ఒక పొద్దున సముద్రం ఒడ్డున దీపం వంక చూడకుండానే తిప్పాను, మళ్ళీ తిప్పాను, బ్యాటరీ చచ్చేదాకా తిప్పాను. చివరికి బర్వా అల్ బరాహాలో ఉండే మెకానిక్ భాయ్, జగిత్యాల వైపు మనిషి, సెలవు రోజు నిద్ర చెడగొట్టుకుని తీగలు పట్టుకుని వచ్చాడు. "అక్కా, ఎండ బయట ఉంటది, ఇంజిన్‌ల ఉండది. డీజిల్ బండి గుస్సా ఆద్మీ లెక్క. పొద్దుగాల లేవంగనే మీద పడి మాట్లాడొద్దు. బల్బు ఆరాలె, అప్పుడు చాబీ తిప్పాలె, యల్లా, ఇగ పోవుడే" అన్నాడు. పక్కన నా తోడికోడలు నవ్వు ఆపుకోలేక పమిట నోట్లో కుక్కుకుంది.

ఆ రోజు నుంచి దీపం ఆరేదాకా ఆగడం నేర్చుకున్నాను. నెమ్మదిగా పదిహేను లెక్కపెట్టేంత సేపు వెలిగేది. నోరు మూసుకుని కూర్చోవడం ఇద్దరికీ చేతకాదు కాబట్టి, ఆ పదిహేను అంకెల్లోనే వారమంతా దాచుకున్న తగవు బయటికొచ్చేది: పిల్లల మార్కులు, అత్తగారు ఎవరికి ముందు ఫోన్ చేశారు, ఉప్పు ఎవరు మరిచారు. దీపం ఆరగానే నేను తాళం తిప్పేదాన్ని, ఇంజిన్ మోతకు మాట వినిపించేది కాదు, ఎవరి మాట ఆఖరిదైతే ఆ వారానికి వాళ్ళదే గెలుపు. వేసవిలో బ్యాటరీ విప్పి ఇంట్లో పెట్టడం, టైర్లకు గుడ్డలు కట్టడం నా వంతు. డీజిల్ ఫిల్టరు అడుగున దిగిన నీళ్ళు సీసాలోకి వదిలి, వెలుతురుకు ఎత్తి మజ్జిగ తేట చూసినట్టు చూడడం ఆమె వంతు. ఒకరి పని ఒకరం మెచ్చుకున్న పాపాన పోలేదు.

ఇలా ఆరు చలికాలాలు గడిచాక, మరిది పనిచేసే ప్రాజెక్టు అయిపోయింది, వాళ్ళు ఇండియా వెళ్ళిపోవడం ఖాయమైంది. ఒక్క కుటుంబానికి ఇంత బండి ఎందుకు, అమ్మేద్దామన్నారు మా ఆయన. జీవితంలో మొదటిసారి నాకు ఎదురు చెప్పడానికి కారణం దొరకలేదు. ఆ బండి పోతే ఆమె కూర్చున్న చోటు కూడా పోతుందని నోటితో చెప్పేంత మెత్తని మనిషిని కాను నేను.

కొనడానికి ఒక లెబనాన్ పెద్దమనిషి వచ్చాడు. మంచి చలి పొద్దు. మా ఆయన, మరిది, మెకానిక్ భాయ్ బయట నిలబడ్డారు, నేను స్టీరింగు ముందు, ఆమె అలవాటు కొద్దీ పక్క సీట్లో. తాళం సగం తిప్పాను, దీపం వెలిగింది. ఒకటి, రెండు... మూడు అనకుండానే పూర్తిగా తిప్పేశాను. బండి వణికి, దగ్గి, వెనక తెల్లటి పొగ కక్కి ఆగిపోయింది. మళ్ళీ తిప్పాను, మళ్ళీ పొగ. పప్పులో చిటికెడు ఉప్పు తగ్గినా వేలెత్తి చూపే మనిషి, వెలుగుతున్న దీపాన్ని కళ్ళారా చూస్తూ కిమ్మనలేదు. బయటి నుంచి మా ఆయన "బల్బు ఆరిందా?" అని అరిచారు. నేను నోరు తెరిచేలోపే ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి, "ఎప్పుడో ఆరింది బావగారూ!" అంది.

పెద్దమనిషి పొగను చేత్తో తోసుకుంటూ "మాఫీ జైన్, మాఫీ జైన్" అని, బాగాలేదని తేల్చి వెళ్ళిపోయాడు. మెకానిక్ భాయ్ మా ఇద్దరి మొహాలూ ఒకసారి చూసి, చేతులు తుడుచుకుంటూ, "బండికి మనసు లేదు సార్, ఏం జేస్తం" అన్నాడు. అమ్మకం అక్కడితో ఆగింది. మేమిద్దరం ఆ సంగతి ఆ రోజూ మాట్లాడుకోలేదు, ఈ రోజుకీ మాట్లాడుకోలేదు. మా ఆయనకు ఇది చదివితేనే తెలియాలి.

ఇప్పుడు ఆమె గోదావరి గట్టున పెద్ద కిటికీల ఇంట్లో ఉంది, శుక్రవారం శుక్రవారం ఫోన్‌లో కొట్లాడుకుంటాం, లోటేమీ లేదు. బండి వెనక కెమెరా పెట్టించాం, అది పిట్టలా కూస్తుందే గాని గోడ కూడా మీదేనా అని అడగదు. వెనక కూర్చునే పిల్లలు తలుపులో పట్టనంత పొడుగయ్యారు. అన్నిటికీ అలవాటు పడ్డాను. కానీ మొన్న కొత్త ప్లగ్గులు ఇట్టే వేడెక్కి ఆ దీపం రెప్పపాటులో ఆరిపోయాక, తాళం తిప్పడానికి చెయ్యి రాలేదు. ఖాళీ పక్క సీటు వైపు తిరిగి, "జంతికే, సరేనా?" అని ఒప్పేసుకుని, నెమ్మదిగా పదిహేను దాకా లెక్కపెట్టి, అప్పుడు తిప్పాను.