జింకల తొట్టిలో కాళ్ళు పెట్టిన పెళ్ళికొడుకు

పోయిన నెల మా అమ్మాయీ అల్లుడూ మమ్మల్నిద్దరినీ ఆఫ్రికా సఫారీకి తీసుకెళ్ళారు. అక్కడ పశువులు కాసుకునే జనం తమ ఉమ్మడి నేలను అడవి జంతువులకు వదిలి, తామే కాపలా కాస్తూ, వచ్చినవాళ్ళకు తామే తిప్పి చూపిస్తుంటారు. నీటిగుంట దగ్గర జీపు ఆగగానే, ఎవరూ దిగకూడదు, నీళ్ళు ముట్టుకోకూడదు అన్నాడు దారి చూపే మనిషి. అల్లుడు ఆ మాట మాకు తెలుగులో చెప్పేసరికి మా ఆవిడ పకపకా నవ్వి నా కాళ్ళ వంక చూసింది. ఆ నవ్వెందుకో అల్లుడికి అర్థం కాలేదు గాని, నేను ఈ వయసులో కూడా సిగ్గుపడ్డాను. మనమంతా ఒక ఈడువాళ్ళమే కాబట్టి మీకు చెప్పుకుంటే తప్పులేదు.

ఎనభైల్లో సంగతి. మాచర్ల దగ్గర రాళ్ళ క్వారీలో గుమాస్తాగా కుదురుకున్న కొత్తలో, అప్పటికే మూడు సంబంధాలు తప్పిపోయి, నాలుగో అమ్మాయి ఫోటో చూసి మనసు పారేసుకుని, ఇదీ తప్పిపోతే ఇక పెళ్ళే వద్దని ఒట్టు పెట్టుకుని ఉన్నాను. మండుటెండలో అమ్మా నాన్నా మేనత్తతో రెంటచింతలలో బస్సు దిగి, రెండు మైళ్ళు దుమ్ములో నడిచి ఆ అమ్మాయి ఊరి పొలిమేర చేరేసరికి, నాపరాళ్ళతో కట్టిన తొట్టి నిండా నీళ్ళు కనిపించాయి. ఆడపిల్లవారి మర్యాదంటే ఇలా ఉండాలని నాన్న మెచ్చుకున్నాడు, మేనత్త సంచిలోంచి సబ్బు తీసింది, నలుగురం ముఖాలూ చేతులూ తోముకున్నాం, చివరికి నేను చల్లగా ఉంది కదా అని కాళ్ళు రెండూ తొట్టిలోనే పెట్టుకుని కూర్చున్నాను.

"ఏందయ్యా ఇది! జింకలు తాగే నీళ్ళల్లో కాళ్ళు పెడతారా ఎవరన్నా?" అంటూ కర్ర పట్టుకుని ఒక ముసలావిడ వచ్చింది. ఆవిడ పెళ్ళికూతురి నాయనమ్మేనని తర్వాత తెలిసింది.

ఆ ఊరికి ఉమ్మడి బీడు ఒకటి ఉండేది. దాన్ని ఎవరూ దున్నేవారు కాదు, అందులో జింకల మంద తిరిగేది, తుపాకులతో షికారుకొచ్చే జీపుల్ని ఊరివాళ్ళే తిప్పి పంపేవారు, ఎండాకాలమంతా ఇంటికో రోజు చొప్పున తొట్టి నింపేవారు. ఆ రోజు వంతు పెళ్ళికూతురింటిదే. సబ్బు నురగ చూసి పెద్దలంతా పోగయ్యారు. పొద్దువాలితే జింకలొస్తాయి, తొట్టి కడిగి నింపిందాకా పిల్లని చూపించేది లేదని ముసలావిడ తేల్చేసింది. పిల్లనివ్వకముందే ఇంత పెత్తనమా అని మేనత్త వెనక్కి తిరిగింది, నాన్న చెప్పులేసుకున్నాడు. నాలుగోదీ తప్పిపోయేలా ఉంది. ఎవరి వంకా చూడకుండా ప్యాంటు పైకి మడిచి బావి దగ్గరికి నడిచాను.

చేదతో తోడడం చేతగాక సగం నీళ్ళు నా మీదే పోసుకుంటుంటే, ఊరి ఆడవాళ్ళు చెంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. పదో చేదకు కాబోలు, ఫోటోలోని అమ్మాయే పట్టుచీర కుచ్చిళ్ళు దోపుకుని వచ్చి, నా చేతిలోంచి తాడు లాక్కుంది. తను తోడింది, నేను మోశాను. మా పెళ్ళిచూపులు అవే. పొద్దువాలాక అందరం గోడ చాటున ఊపిరి బిగబట్టి కూర్చుంటే, నల్లటి మగజింక ఒకటి ముందుగా వచ్చి, నీళ్ళు వాసన చూసి, కాస్త ఆగి, తలవంచి తాగింది. ముసలావిడ నా వీపు తట్టి, "పర్లా, పిల్లోడు పనికొస్తాడు" అంది. మేనత్త కూడా నవ్వేసింది.

ఇప్పుడా బీడు ముక్కలై మిరప చేలయింది. అక్కడ జింకలుండేవంటే పిల్లలు నమ్మరు. కిందటేడు వెళ్ళినప్పుడు చూస్తే తొట్టి అలాగే ఉంది, బోరు నీళ్ళు నింపుకుని, చేలనుంచి వచ్చేవాళ్ళు సబ్బు పెట్టి కాళ్ళు కడుక్కుంటున్నారు. నేనూ కాసేపు అందులో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. ఏందయ్యా ఇదని ఒక్కరూ అడగలేదు. అలా అడిగే మనిషి ఒక్కరైనా ఉంటే బాగుండుననిపించి, నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.