మెడ మీద ఎర్ర గుర్తున్న గ్రహాంతరవాసి

ఇవాళ కట్టంగూర్ దగ్గర, వీపున ఎర్ర రంగు గుర్తులున్న గొర్రెలు రోడ్డు దాటుతుంటే ఆ టీవీ సీరియల్ గ్రహాంతరవాసి గుర్తొచ్చాడు. అంతరిక్ష నౌకలో కెప్టెన్ వెనకాల నిలబడేవాడు, మెడ మీద ఎర్ర మచ్చతో. మీకూ యాదికున్నాడా?

మా అవ్వకు ఆ కెప్టెన్ అంటే మంట. గొర్లు కాసే మా ఇళ్లల్లో, వేరేవాళ్ల గొర్రె మన మందలో కలిస్తే గుర్తు చూసి వాళ్ల మందకు తోలిరావాల్సిందే.

"మెడ మీద గుర్తు కనవడుతనే ఉంది. తోలిరాకుండ ఇన్ని దినాలు పెట్టుకుంటరా?" అని తిట్టేది.

ఆఖరి ఎపిసోడ్‌లో కెప్టెన్ ఆ గ్రహాంతరవాసిని అతని సొంత గ్రహం మీద దింపి వెళ్లిపోయాడు. అక్కడ ఒక్కరూ లేరు. అప్పుడు గొర్ల దొడ్డిలో ఉన్న అవ్వ, తర్వాత వచ్చి అడిగింది.

"మందల కలిపిండ్రా, ఉత్తగ ఇడిసిపెట్టిండ్రా?"

"మందలనే కలిపిండ్రు అవ్వా."

"అయితే మంచోడే," అంది.

అవ్వకు చదువు రాదు. మీరెవరూ ఈ పోస్టు ఆమెకు చదివి వినిపించకండి.