నిజాంపట్నం నుంచి బాపట్లకు బ్యాటరీ ఆటోలో

తెనాలిలో ఇప్పుడు ఏ సందు చూసినా బ్యాటరీ ఆటోలే. ఊళ్లో తిరగడానికి బాగానే ఉన్నాయి. బరువులు వేసుకుని దూరం పోయేవాళ్లకు ఈ కొత్త లిథియం బ్యాటరీలు ఎంతవరకు పనికొస్తాయో చూడాలనిపించింది. నా కుట్టు షాపులో పనిచేసే రమణమ్మ తమ్ముడు కోటేశు అలాంటి ఆటోలోనే నిజాంపట్నం నుంచి బాపట్లకు చేపలు తోలుతాడు. ఒకరోజు అతనితో వెళ్దామనుకున్నాను. మే నెలలో అనుకోవడమే పొరపాటు.

పొద్దున్నే తెనాలిలో రేపల్లె పాసింజరు ఎక్కాను. టిక్కెట్టు ఖర్చు లెక్కలోకి రాదు, ప్రయాణం గంట పైచిలుకు. రేపల్లెలో ఇడ్లీ తిని, షేర్ ఆటోలో ఇరుక్కుని నిజాంపట్నం హార్బరు చేరేసరికి తొమ్మిది దాటింది. చేపల వేలం అప్పటికే అయిపోవచ్చింది. కోటేశు భార్య నాగమణి కానాగంత చేపల బుట్టల్లో ఐసు సర్దుతోంది. ఆటో ఇంకా చార్జింగులోనే ఉంది.

"రాత్రంతా కరెంటు లేదక్కా. ఇంటికాడైతే నిదానంగా ఎక్కుద్ది. ఇది స్పీడు చార్జరు, తొందరగానే నిండుద్ది గానీ బాగా వేడెక్కుద్ది" అన్నాడు కోటేశు.

పదకొండింటికి ముగ్గురం బయలుదేరాం. మొదట హాయిగానే ఉంది. శబ్దం లేదు, నాగమణీ నేనూ వెనక కూర్చుని మామూలు గొంతుతోనే మాట్లాడుకున్నాం. ఆ హాయి ఎంతోసేపు నిలవలేదు. కర్లపాలెం ఇంకా రాకముందే, రొయ్యల చెరువుల మధ్య, హ్యాండిలు దగ్గరున్న తెరమీద ఎర్రగుర్తు వెలిగింది. బండి నెమ్మదించి ఆగిపోయింది. చార్జింగు చూస్తే సగానికి పైనే ఉంది.

"వేడెక్కితే కాలిపోకుండా తనంతట తనే ఆగిపోద్దక్కా. మంచిదే. కాకపోతే ఆగేముందు మనల్ని అడగదు" అన్నాడతను.

ముగ్గురం కలిసి బండిని తుమ్మచెట్టు కిందకి తోశాం. ఆ నీడ మనుషులకే చాలదు. బుట్టల్లోంచి ఐసునీళ్లు కారడం మొదలైంది. కోటేశు ఆ నీళ్లే దోసిట పట్టి బ్యాటరీ పెట్టె మీద చల్లబోతే నాగమణి చెయ్యి పట్టుకుంది. "షోరూమోళ్లు వద్దన్నారుగా! లోపలికి తడి పోతే మళ్లీ ఎవరు బాగుచేస్తారు?"

కాసేపటికి తెలిసినవాళ్ల డీజిలు ఆటో ఒకటి పొగ కక్కుతూ వచ్చింది. బుట్టలు అందులోకి మార్చాం. నాగమణి కాలు పైకి పెట్టగానే కోటేశు ఆపేశాడు.

"నువ్వొద్దు. నేనెళ్తా."

"నువ్వు అమ్మలేవయ్యా. ఎవరెంతంటే అంతకిచ్చేస్తావు."

"ఇచ్చేస్తే ఇచ్చేశా. నువ్వు మాత్రం ఆ బండెక్కొద్దు."

ఆటో వెళ్లాక నాగమణి కొంగుతో ముఖం తుడుచుకుంది. పెళ్లయినప్పటి నుంచీ డీజిలు ఆటోలో చేపల పక్కనే కూర్చుని తిరిగిందట. పోయిన వానాకాలం ఆయాసం ఎక్కువై బాపట్ల ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది. పొగకు దూరంగా ఉండమన్నారు డాక్టరుగారు.

"మా పాత డీజిలు బండి బాగానే ఉండేదక్కా. రోజుకి రెండు ట్రిప్పులేసేది. నా కోసం అమ్మేశాడు. ఇదేమో ఎండాకాలంలో ఒక ట్రిప్పుకే ఆపసోపాలు పడుద్ది. ఆయన పైకి ఒక్కమాటనడు. అదే బాధ."

నాకు తల పగిలిపోతోంది. సీసాలో నీళ్లు వేడెక్కిపోయాయి. గంటకు పైగా అలాగే కూర్చున్నాక ఎర్రగుర్తు పోయింది. "మరి బండెవరు నడుపుతారు?" అన్నాను.

"నేనే. గేర్లు లేవుగా, నేర్చుకున్నా."

సైకిలు వేగంతో నడుపుకుంటూ నన్ను బాపట్ల మార్కెట్టుకు చేర్చింది. కోటేశు బుట్టల పక్కన చతికిలబడి ఉన్నాడు. సగం చేపలు అయినకాడికి అమ్మేశాడు. మిగిలినవాటిలో కొన్ని మెత్తబడ్డాయి. తిడుతుందేమో అనుకున్నాను. ఆమె చేప మొప్పలు ఎత్తి చూసి, వాసన చూసి, ఎండబెట్టాల్సినవి పక్కకు తీసింది.

"ఆయాసం వచ్చిందా?" అన్నాడు కోటేశు.

"రాలేదు. లే" అంది. అతను లేచిన చోట కూర్చుని, మార్కెట్టంతా వినబడేలా కేకేసి అమ్మకం మొదలుపెట్టింది.

సాయంత్రం తెనాలి రైల్లో సీటు దొరికినా నిద్ర పట్టలేదు. పొగ లేదు, చప్పుడు లేదు, డీజిలు ఖర్చు లేదు. అంతా నిజమే. ఎండకు దారిలో ఆగిపోవడమూ నిజమే. ఈ బ్యాటరీ మంచిదా కాదా అంటే ఒక్కమాటలో చెప్పలేను. వాళ్లు మాత్రం రేపు మళ్లీ అదే బండిలో, అదే ఎండలో వెళ్తారు. ఇద్దరూ కలిసి వెళ్తారు.

మీరూ ఈ దారిన బ్యాటరీ ఆటోలో వెళ్లాలనుకుంటే చలికాలం మేలు. ఎండాకాలమే తప్పదంటే ముందు డ్రైవరును ఒకమాట అడగండి. బండి అప్పుడే స్పీడు చార్జరు మీంచి దిగిందంటే హార్బరులోనే నీడచూసుకుని, టీ తాగుతూ దాన్ని కాస్త చల్లారనివ్వండి. చెరువుల మధ్య ఆ తుమ్మచెట్టు కింద టీ దొరకదు.